అడుగుల మీద అంకెలు

పిల్ల నోట మొదట వచ్చిన మాట "మ్మ". ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ "మ్మ" ఎవరిదన్న దగ్గరే. చిన్నకోడలి లెక్కలో అది అమ్మ, అంటే తను, నవమాసాలు మోసి కన్న మనిషి. కానీ అదే ఇంట్లో పెద్దకోడలు కూడా ఉంది. చిన్నకోడలికి తోడికోడలు, పిల్లకు పెద్దమ్మ. పెద్దమ్మ చివర ఉన్నదీ ఆ "మ్మ"నే కదా! పళ్ళైనా పూర్తిగా రాని పిల్ల, ముందున్న "పెద్ద"ని మింగేసి తోక మాత్రం బయటికి వదిలిందేమో, ఎవరు చూడొచ్చారు? ఈ అనుమానం బుర్రలో దూరిన రోజు నుంచి చిన్నకోడలికి తిన్నది ఒంటపట్టడం మానేసింది.

నిజం చెప్పొద్దూ, పెద్దకోడలు చేసిన తప్పంటూ ఏమీ లేదు. చిన్నకోడలికి అసలు మంట అక్కడే. తప్పు చేసే మనిషైతే నాలుగు దులిపేసి గుండె బరువు దించుకోవచ్చు. ఈవిడ అలాంటి అవకాశం ఇస్తేగా! పొద్దున చిన్నకోడలు చెప్పులు వేసుకునేసరికి చేతులు చాపి గుమ్మంలో నిలబడేది. "ఇటివ్వమ్మా, నీకు బస్సు తప్పిపోతుంది" అనేది. పిల్ల కూడా సిగ్గూ ఎగ్గూ లేకుండా ఈ చంకలోంచి ఆ చంకలోకి దూకేది. దూకిందే కాక, వెళ్ళే తల్లి వంక తిరిగి చూసేది కూడా కాదు. సాయంత్రం తల్లి ఇల్లు చేరేసరికి పెద్దమ్మ భుజం మీద తల వాల్చుకుని, గుమ్మంలోకి చందా అడగడానికి ఎవరో వచ్చినట్టు చూసేది. ఆ చూపుకి చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కేది.

పెద్దకోడలి పిల్లలు ఇద్దరూ పెద్దవాళ్ళై ఎవరి చదువుల్లో వాళ్ళున్నారు. 'ఆవిడ వంతు ఆవిడకు అయిపోయింది కదా, ఇప్పుడు నా వంతు కూడా ఆవిడే తీసుకుంటే ఎలా?' ఇదీ చిన్నకోడలి బాధ. పైకి అనడానికి నోరు రాదు. అంటే, "సరే అయితే, నీ పిల్లను నువ్వే చూసుకో" అంటారేమోనని భయం. ఉద్యోగం మానడం ఆమెకు ఇష్టం లేదు. ఆ పనిలో తనను మించినవాళ్ళు లేరని ఆమెకు తెలుసు.

ఆమె పని వీడియోల మీద తేదీ, టైము వేయడం. గోడౌన్లలో, దుకాణాల్లో, లిఫ్టుల్లో కెమెరాలు తీసిన వీడియోలు ఆ ఆఫీసుకి వస్తాయి. చాలావాటికి మూలన గడియారం ఉండదు. గడియారం లేని వీడియోను కోర్టులూ బీమావాళ్ళూ ముట్టుకోరు. దొంగ గోడ దూకాడు సరే, ఎప్పుడు దూకాడు? ఆ ఎప్పుడన్నది ఫైలు పొట్టలో దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగి, బొమ్మ మీద అంకెలుగా అచ్చువేసి, సెకనుకొకసారి మారేలా పరిగెత్తించాలి. ఒకసారి బొమ్మలో కలిసిపోయాక ఆ అంకెలు ఊడిరావు, వాటి కింద పడ్డది మళ్ళీ కనబడదు. అందుకే చూసుకుని వేయాలి. ఆఫీసులో ఆమె పేరే గడియారం. "గడియారం ఇంకా రాలేదే, టైమెంతయిందో మాకెలా తెలుస్తుంది?" అని ఓనరు రోజూ అదే జోకు వేసి, రోజూ తనే నవ్వుకునేవాడు.

ఆ ఓనరుకి రెండు పట్టింపులు. అంకెలు వేశాక జనం వీడియో మన మెషిన్లో క్షణం ఉండకూడదు, అసలుదంతా తుడిచిపారెయ్యాలి. ఇది మొదటిది. రెండోది, శబ్దం జోలికి పోకూడదు. "మన పని కళ్ళతో. వాళ్ళేం మాట్లాడుకుంటే మనకెందుకమ్మా?" అనేవాడు. శబ్దం ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్ళిపోవాలి. అందుకని ఆ గదిలో స్పీకర్లే పెట్టలేదు. పొద్దస్తమానం నోళ్ళు కదిపే మనుషుల్ని మాట వినకుండా చూసీ చూసీ చిన్నకోడలికి ఒక నమ్మకం కుదిరిపోయింది. చెయ్యీ కన్నూ కదిలే తీరు చూస్తే చాలు, మనిషి లోపల ఏముందో చెప్పేయొచ్చని. ఫోన్లో కూడా ఆమె అన్నీ మూగగానే చూసేది.

పెద్దకోడలు రోజూ టీ వేళకి పిల్ల వీడియో ఒకటి పంపేది. చిన్నకోడలు టీ కప్పు పక్కన ఫోన్ పెట్టుకుని చూసేది. రోజూ ఒకటే తంతు. పిల్ల గిన్నెతోనో గరిటెతోనో ఆడుకుంటూ ఉంటుంది. ఉన్నట్టుండి తలెత్తుతుంది. మొహం చేటంత చేసుకుని, రెండు చేతులూ చాపి, కెమెరా మీదికి పాకుతూ దూసుకొస్తుంది. చివరికి పిల్ల ముక్కూ చొంగా తప్ప ఇంకేమీ కనబడవు, వీడియో అయిపోతుంది. ఇందులో ఏడవడానికేముంది అంటారా? కెమెరా వెనక ఎవరున్నారు? పెద్దకోడలు! ఆ పరుగంతా ఎవరి కోసం? పెద్దకోడలి కోసం! 'చూసుకో, నీ కూతురు నా మీద ఎలా పడిచస్తోందో' అని రోజుకొకసారి కొరడా ఝళిపించినట్టే ఉండేది ఆమెకి.

"సౌండ్ పెట్టుకుని చూడొచ్చుగా, ఏదో అంటోంది అది" అన్నాడు మొగుడు ఒకరోజు బస్సులో, పక్క సీట్లోంచి తొంగిచూసి.

"ఇంట్లో మీ వదినగారి గొంతు వింటున్నది చాలదా? దారి పొడుగునా కూడా వినాలా?"

"నీకు కుళ్ళే."

"అవును, కుళ్ళే. నువ్వు మోసి కనుంటే తెలిసేది."

"వీలుంటే మోసేవాణ్ణే. సెలవైనా దొరికేది."

అతనితో ఏం మాట్లాడినా ఇంతే. ఆమె ఫోన్ సంచిలో పడేసుకుంది.

పిల్లకు మొదటి పన్ను వచ్చిందని చెంచా తగిలి టింగుమంటే కనిపెట్టింది పెద్దకోడలు. బోర్లాపడ్డది ఆవిడ ముందే. పాకింది ఆవిడ ముందే. చిన్నకోడలు సాయంత్రం వచ్చి అన్నీ వార్తల్లా వినేది. "ఇవాళ ఏం చేసిందో తెలుసా నీ కూతురు!" అని పెద్దకోడలు మొదలుపెడితే, వింటూ నవ్వు మొహం పెట్టడం ఎంత కష్టమో ఆమెకే తెలియాలి. ఇన్నింటిలో ఆమెకు దక్కింది ఒక్కటంటే ఒక్కటి. మొదటి అడుగు.

అది శనివారం. ఆమెకు సెలవు. హాల్లో నేల మీద కూర్చుని ఉంది. పిల్ల సోఫా అంచు పట్టుకుని నిలబడి, కాసేపు ఊగి, చెయ్యి వదిలేసి, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి తల్లి ఒడిలో పడింది. వేరే ఎవరి ఒడిలోనూ కాదు. వంటింట్లోంచి పెద్దకోడలు తడిచేతులతో పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టింది. "చూశారా, చూశారా! మొదటి అడుగు అమ్మ కోసమే దాచిపెట్టుకుంది దొంగముండ!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. మొగుడు పరిగెత్తుకొచ్చి పిల్లను మళ్ళీ నడిపించి తన ఫోన్లో తీశాడు. ఆ రోజు చిన్నకోడలు తోడికోడలిని మొదటిసారి మనసారా ప్రేమించింది. ఎన్ని పోయినా సరే, ఆ అడుగు తనది. బస్సులో నిలబడి వెళ్తున్నా, ఆఫీసులో ఏ లిఫ్టు వీడియోకో అంకెలు వేస్తున్నా, ఆ అడుగు తలుచుకుంటే చాలు, కడుపు నిండిపోయేది.

పిల్లకు ఏడాది నిండబోతుంటే, ఏడాది వీడియోలన్నీ కలిపి సినిమాలా చేద్దామన్నాడు మొగుడు. పుట్టినరోజున నలుగురినీ పిలిచి టీవీలో వేయొచ్చు.

"ఏ రోజుదో కూడా తెలిసేలా తేదీలు వెయ్యవే. నీ పని అదేగా" అంది అత్తగారు.

పెద్దకోడలు తన ఫోన్ తెచ్చి చేతిలో పెట్టేసింది. "అన్నీ ఇందులోనే ఉన్నాయి, మొత్తం తీసుకోమ్మా. తీసుకున్నాక నా ఫోన్లోవి తుడిచేసి పెట్టు. నిండిపోయి చస్తోంది, ఒక్క ఫొటో కూడా ఎక్కనంటోంది. నీ దగ్గరుంటే చాలుగా."

చిన్నకోడలు వాటినీ, మొగుడి ఫోన్లో ఉన్న శనివారం వీడియోనూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. తోడికోడలి ఫోన్ శుభ్రంగా తుడిచి తిరిగిచ్చింది.

మర్నాడు ఆఫీసులో అందరూ భోజనాలకు లేచాక, ఓనరు దగ్గర అనుమతి తీసుకుని మెషిన్ ముందు కూర్చుంది. మెషిన్ ఒక్కో వీడియో పొట్టలోంచి తేదీ లాగి, ముందువి ముందు, వెనకవి వెనక వరసలో పేర్చింది. అంకెలు ఎక్కడ వేయాలో చూసుకుంటూ ఒక్కొక్కటీ దాటిస్తోంది. శనివారం వీడియో దగ్గరపడేసరికి ఆమెకు తెలియకుండానే నవ్వొచ్చింది. అయితే దానికి ముందు ఇంకోటి ఉంది. ఎప్పుడూ చూడనిది. టీ వేళకి తనకు పంపనిది. గురువారానిది.

తెరిచింది.

ఫోన్ ఎక్కడో ఆనించి పెట్టినట్టుంది, బొమ్మ కదలడం లేదు. పెద్దకోడలు నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కుర్చీ పట్టుకుని పిల్ల. పిల్ల కుర్చీ వదిలేసింది. నడిచింది. తప్పటడుగులు వేసుకుంటూ, ఊగుతూ, నవ్వుతూ వచ్చి పెద్దకోడలి మీద పడింది. పెద్దకోడలు నోరు తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత గబుక్కున గుమ్మం వంక చూసింది, ఎవరైనా చూశారా అన్నట్టు. పెదాల మీద వేలు పెట్టుకుంది. పిల్ల కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. ఏదో చెప్పింది. పిల్లను ఎత్తుకెళ్ళి మళ్ళీ కుర్చీ దగ్గర కూర్చోబెట్టి, ఫోన్ కట్టేసింది.

చిన్నకోడలు మళ్ళీ వేసుకు చూసింది. మళ్ళీ వేసుకు చూసింది. గుమ్మం వంక ఆ చూపు. ఆ వేలు. ఇలాంటి చూపులు ఆమె ఎన్ని చూడలేదు! గోడౌన్లో పెట్టె చంకన పెట్టుకునేవాడు చూసే చూపే ఇది. పెదాల మీద వేలు పెట్టిందంటే ఏమిటర్థం? 'మీ అమ్మకు చెప్పకు' అని. ఇంకేముంటుంది?

'దొంగ! నిలువెత్తు దొంగ! నా పిల్ల మొదటి అడుగు మింగేసి, మూతి తుడుచుకుని, శనివారం నాడు ఏమీ ఎరగనట్టు చప్పట్లు కొట్టిందా! అమ్మ కోసం దాచిపెట్టుకుందట! ఎంత నటన! నేను పిచ్చిదానిలా నవ్వుతూ ఉంటే లోపల్లోపల ఎంత నవ్వుకుందో!' ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకంటూ ఉన్న ఒక్కటీ ఆవిడ ఎంగిలే అయింది.

మొదట ఆ వీడియో తీసిపారేద్దామనుకుంది. ఎవరికీ తెలియదు, శనివారం శనివారంగానే ఉండిపోతుంది. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది కూడా. అంతలోనే ఒళ్ళు మండింది. దొంగతనం ఆవిడ చేస్తే దాచాల్సింది తనా? ఉండనీ. అందరి ముందూ, టీవీలో, తేదీతో సహా పడనీ. ఆ మొహం అప్పుడెలా పెట్టుకుంటుందో చూస్తాను.

మిగతా వీడియోలకు పై మూలన, పిల్లకు ఎక్కడా అడ్డం రాకుండా, సన్నటి తెల్ల అంకెలు వేసింది. దీనికి మాత్రం కోర్టుకు పంపే పద్ధతి ఎత్తుకుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి దిట్టమైన నల్లపట్టీ, దాని మీద బండ అంకెలు, పక్కన గురువారం అని అక్షరాల్లో కూడా, సెకన్లు టకటకా పరిగెడుతూ. పట్టీ పైన వేస్తే పెద్దకోడలి మొహానికి అడ్డం వస్తోంది. ఆ చూపూ ఆ వేలూ స్పష్టంగా కనబడాలి. అందుకని పట్టీని అడుక్కి దించింది. గడియారం అంత శ్రద్ధగా ఏ దొంగకీ ఎప్పుడూ తేదీ వేసి ఎరగదు.

అయ్యాక సినిమాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి అందులో పాతవన్నీ ఖాళీ చేసింది. మెషిన్లో ఉన్న అసలు వీడియోలు తుడిచేసింది. ఓనరు చెప్పాల్సిన పని లేదు, ఆ చేతికి అది అలవాటు.

ఆ సాయంత్రం పెద్దకోడలు గుమ్మంలోనే అడిగింది. "అలా ఉన్నావేమ్మా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"టీ పెట్టనా?"

"నాకు చేతులున్నాయి, పెట్టుకుంటాను."

చిన్నకోడలు ఆవిడ భుజం మీద నుంచి పిల్లను లాక్కున్నట్టే తీసుకుంది. పిల్ల గొల్లున ఏడుస్తూ వెనక్కి చేతులు చాపి "మ్మ, మ్మ" అంది. పెద్దకోడలు కంగారుగా చేతులు వెనక్కి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. 'ఎలా జారుకుంటోందో చూడు' అనుకుంది చిన్నకోడలు. పుట్టినరోజు దాకా ఇంట్లో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడు ఏమైందని అడిగితే, "ఆదివారం నువ్వే చూద్దువుగాని" అంది.

ఆదివారం హాలు నిండింది. పక్కింటివాళ్ళు, నలుగురు చుట్టాలు, టీవీకి ఎదురుగా కుర్చీలో అత్తగారు, ఆవిడ పక్కన బావగారు. పిల్ల కొత్త గౌనులో కుర్చీల మధ్య ఎవరి మోకాలు దొరికితే అది పట్టుకుని తిరుగుతోంది. పెద్దకోడలు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "ముందుకొచ్చి కూర్చో అక్కా, నువ్వు చూడాల్సిందే" అంది చిన్నకోడలు. ఎన్నాళ్ళకో తనతో మాట్లాడిందని ఆ పిచ్చిమనిషి సంబరపడిపోతూ వచ్చి ముందు కూర్చుంది. చిన్నకోడలు టీవీ పక్కన, అందరి మొహాలూ కనబడేలా నిలబడింది. ముఖ్యంగా ఒక మొహం.

మొగుడు రిమోట్ నొక్కాడు. పిల్ల గరిటెతో ఆడుతోంది. అంతలో టీవీలోంచి పెద్దకోడలి గొంతు ఖంగుమంది.

"ఇదిగో, ఇటు చూడు! అమ్మ! ఇందులో అమ్మ ఉంది. అమ్మ నిన్ను చూస్తోంది. అమ్మ దగ్గరికి రా, రా, రా!"

పిల్ల తలెత్తింది. మొహం చేటంత చేసుకుంది. "మ్మ!" అంటూ చేతులు చాపి కెమెరా మీదికి దూసుకొచ్చింది. హాలంతా నవ్వింది.

చిన్నకోడలు నవ్వలేదు. అది ఆమె పదిసార్లు చూసిన వీడియోనే. కానీ వినడం ఇదే మొదలు. రెండోది వచ్చింది. "అమ్మ ఆఫీసులో టీ తాగుతోంది. అమ్మకి ఒక ముద్దియ్యి. ఫోనుకి కాదే, అమ్మకి! అదీ!" మూడోది. పిల్ల కెమెరా మీదికి రాకుండా పక్కనున్న ఆవిడ చెయ్యి పట్టుకుని "మ్మ" అంది. "నేను కాదు తల్లీ. అమ్మంటే ఇదిగో, ఇందులో. నేను పె-ద్ద-మ్మ. పెద్ద అను. పెద్ద." పిల్ల "మ్మ" అంది. "పెద్ద అనవే మొండిఘటమా, మీ అమ్మ నన్ను చంపుతుంది!" అందరూ పగలబడి నవ్వారు. పెద్దకోడలు సిగ్గుతో మొహం కప్పుకుంది.

చిన్నకోడలు టీవీ వంక తిరిగింది. రోజూ టీ కప్పు పక్కన పెట్టుకుని చూసి ఏడ్చిన పరుగంతా తన మీదికేనా? ఏడాది పొడుగునా ఆవిడ ఆ పిల్లకు నూరిపోసింది తన పేరేనా? అయితే గురువారం... ఆ వేలు...

"ఆపు" అంది మొగుడితో.

"ఎందుకే? భలే ఉంది!"

"ఆపమన్నానా! ఇటివ్వు రిమోటు!"

"ఆగవే, జనం చూస్తున్నారు" అని అతను రిమోట్ వెనక్కి దాచాడు. ఆమె అటు తిరిగి లాక్కోబోయేలోపు గురువారం వచ్చేసింది.

నల్లపట్టీ టీవీ అడుగంతా పరుచుకుంది. బండ అంకెలు టకటకా పరిగెడుతున్నాయి. పిల్ల కుర్చీ వదిలేసింది.

"ఓర్నాయనో! ఒసేయ్ ఒసేయ్ ఒసేయ్!" పెద్దకోడలి గొంతు. పిల్ల వచ్చి మీద పడింది. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత గుమ్మం వంక ఆ చూపు, పెదాల మీద ఆ వేలు. "ష్! ఇప్పుడు కాదే తల్లీ. అత్తయ్యగారు చూశారంటే ఊరంతా చెప్తారు. అమ్మ చూడాలి ముందు. ఇది లెక్కలోకి రాదు, సరేనా? నేను చూడలేదు. నేనేం చూడలేదు. శనివారం అమ్మ ఇంట్లోనే ఉంటుంది, అప్పుడు వేద్దువుగాని. ఎంచక్కా అమ్మ ఒళ్ళో పడు. పద, పోయి కూర్చో." ఆ మాటల చివర గొంతు కొంచెం వణికింది. ఫోన్ కట్టేసింది.

మొగుడు వీడియో ఆపేశాడు. ఎవరూ నవ్వలేదు. మొదట నోరు విప్పింది అత్తగారే.

"ఇంతకీ కాళ్ళేవే? పిల్ల నడిచిందంటారు, కాళ్ళు కనబడవేం? అడ్డంగా ఆ నల్లపట్టీ ఏంటి?"

చిన్నకోడలు టీవీ వంక చూసింది. అప్పుడు చూసింది. పిల్ల మోకాళ్ళ దాకా ఉంది. మోకాళ్ళ కింద నలుపు, ఆ నలుపు మీద తను వేసిన అంకెలు. మొహానికి అడ్డం రాకూడదని చూసుకుంది, వేలికి అడ్డం రాకూడదని చూసుకుంది. కూతురి కాళ్ళ సంగతి ఆమెకు తట్టనే లేదు.

"గురువారం" అని చదివారు బావగారు. "అంటే శనివారానికి ముందుదా ఇది?"

అందరూ పెద్దకోడలి వంక తిరిగారు. ఆవిడ తప్పు చేసి దొరికిపోయినట్టు కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయ్యయ్యో! ఇదెలా వచ్చిందమ్మా ఇందులోకి! నీకు పంపడానికే పెట్టాను ఫోను, ఇలా అవుతుందనుకోలేదు. తీసేద్దామనుకున్నా, చెయ్యి రాలేదు. తర్వాత మర్చేపోయా. మొదటి అడుగు శనివారందేనమ్మా. ఇది తూలిపడటమే, నడకంటారా దీన్ని? నువ్వేం మనసులో పెట్టుకోకు."

పెద్దకోడలు మిగతా వీడియోలకు పై మూలనున్న సన్నటి అంకెలు చూసింది. ఇప్పుడీ నల్లపట్టీని చూసింది. చిన్నకోడలి మొహం చూసింది. ఆవిడకు అర్థమైపోయింది. దీనికే ఎందుకిలా వేశావని మాత్రం అడగలేదు. "టీలు పట్టుకొస్తాను" అని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఆ పట్టీ తీసేయవే, కాళ్ళు చూద్దాం. నీకు వచ్చుగా" అన్నాడు మొగుడు.

"రాదు. కలిసిపోయింది."

"మరి అసలుది?"

"తుడిచేశాను."

"వదిన ఫోన్లో?"

"అదీ నేనే తుడిచేశాను."

అతను ఆమె మొహం చూశాడు. శనివారం వీడియో పెట్టాడు. పిల్ల హాల్లో నడిచింది, కాళ్ళూ పాదాలూ వేళ్ళూ అన్నీ కనబడుతూ. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నకోడలు ఒక్క నిమిషం కూడా చూడలేకపోయింది.

వంటింట్లో పెద్దకోడలు స్టవ్ ముందు నిలబడి, వెలిగించడం మర్చిపోయి, గిన్నెలో నీళ్ళ వంక చూస్తోంది. వెనక అడుగుల చప్పుడు విని కళ్ళు తుడుచుకుంది.

"అక్కా" అంది చిన్నకోడలు. క్షమించమనాలి. దాని బదులు ఇంకోటి బయటికొచ్చింది. "ముందు ఏ కాలు పెట్టింది?"

పెద్దకోడలు ఇటు తిరిగింది. "కుడికాలు" అంది. "నువ్వు పొద్దున గడప దాటేటప్పుడు పెట్టినట్టు. గబుక్కున."

తను గడప ఏ కాలితో దాటుతుందో చిన్నకోడలికే తెలియదు. రోజూ ఆ గుమ్మంలో పిల్లను ఎత్తుకుని నిలబడిన మనిషికి తెలుసు.

"తర్వాత?"

"తర్వాత ఎడంకాలు వెయ్యబోయి ఆగింది. మడమ పైకెత్తేసింది. వేళ్ళ మీద నిలబడింది. నేను పడిపోయిందే అనుకున్నా."

"నాకలా చెప్తే కనబడట్లేదు అక్కా. చూపించు."

"నేనా? నా మోకాళ్ళకి?"

"చూపించు."

చిన్నకోడలు వంటింటి నేల మీద చతికిలబడింది. పెద్దకోడలు ఒకసారి హాలు వంక చూసుకుంది, ఎవరైనా చూస్తారేమోనని, సరిగ్గా ఆ వీడియోలో చూసినట్టే. గట్టు అంచు పట్టుకుంది. ఆ భారీ మనిషి అటూ ఇటూ ఊగి, గట్టు వదిలేసి, కుడికాలు గబుక్కున ముందుకేసింది. ఎడంకాలు మడమ ఎత్తి, వేళ్ళ మీద ఆగింది. నోరు తెరిచి, చొంగ కారుతున్నట్టు పెదవి వేలాడేసి, చేతులు చాపి, తూలుతూ తూలుతూ వచ్చింది. మోకాలు కలుక్కుమంటే "అమ్మా" అని దబ్బున చిన్నకోడలి మీద పడింది. ఆ బరువుకి ఇద్దరూ బీరువాకి గుద్దుకున్నారు.

చిన్నకోడలు ఆవిడను రెండు చేతులా పట్టుకుంది. వదల్లేదు. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఆ గురువారం ఎప్పటికీ ఆవిడదే. ఆ కాళ్ళను చూసినవి ఆ రెండు కళ్ళే, ఇంకెవరికీ చూపించే వీలు లేకుండా చేసింది తనే.

"ఇంతే?" అంది.

"ఇంతే. చివర్లో నవ్వింది కూడా. అది నాకు రాదు."

"మళ్ళీ చూపించక్కా" అంది చిన్నకోడలు.